పాత స్పోర్ట్స్ కారులో కుదుపులు: ముందు ఏది మార్చాలి?

రోడ్‌స్టర్96

కారు 1996 మాజ్దా ఎంఎక్స్-5, మొదటి తరం, 1.8 ఇంజిన్. స్ప్రింగులు 35 మి.మీ. కిందికి దించే రకం. షాకులు (స్ప్రింగు ఊపును ఆపే షాక్ అబ్జార్బర్లు) కారుతో వచ్చినవే. బుష్‌లన్నీ (చక్రాన్ని బాడీకి కలిపే ఆర్మ్‌ల కీళ్ల దగ్గరి మెత్తలు) ఒరిజినల్ రబ్బరు. రిమ్ములు 17 అంగుళాలు, టైర్లు 205/40, గాలి 33 పీఎస్ఐ.

లక్షణాలు ఇవీ. రోడ్డు మీద చిన్న అతుకు తగిలినా "ధబ్" అని ఒక్క దెబ్బ నేరుగా నడుముకు వస్తుంది. గతుకుల్లో నెమ్మదిగా పోతుంటే ముందు ఎడమ వైపు టకటకమంటుంది. 80 కి.మీ. వేగంలో రోడ్డు అలల్లా ఉంటే వెనక భాగం ఒకసారి ఊగి ఆగదు, రెండు మూడుసార్లు ఊగుతుంది.

స్ప్రింగులు గట్టివి కాబట్టే ఇలా ఉందా? ఎత్తు, బిగువు మార్చుకునే కాయిలోవర్ కిట్ (స్ప్రింగు, షాకు కలిసి ఒకే సెట్టుగా వచ్చేది) వేస్తే తీరుతుందా? ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఉద్దేశం లేదు. మలుపుల్లో ఈ కారుకున్న చురుకుదనం మాత్రం పోకూడదు.

కొలతబద్ద

మీరు చెప్పిన మూడూ మూడు వేరు వేరు జబ్బులండీ. ఒక్క కిట్‌తో మూడూ పోవు. ఏ కుదుపు ఎక్కడి నుంచి వస్తోందో ముందు విడదీసుకుంటే డబ్బూ శ్రమా రెండూ మిగులుతాయి.

కారు బాడీ స్ప్రింగుల మీద ఊగే వేగం సెకనుకు ఒకటి నుంచి రెండు సార్లు. ఆ ఊపు ఆగకపోతే షాకులు అరిగినట్టు. మీ వెనక భాగం చెప్తున్నది అదే. చక్రం తన బరువుతో తాను టైరు మీద ఎగిరే వేగం సెకనుకు 10 నుంచి 15 సార్లు. స్టీరింగులో, నేల పలకలో సన్నటి వణుకుగా తెలుస్తుంది. అది టైరు, రిమ్ము బరువు, షాకు కలిసి చేసే పని. ఇక ఒక్క గట్టి దెబ్బ తగిలి, ఆ తర్వాత ఊపేమీ లేకపోతే నూటికి తొంభై పాళ్లు బంప్ స్టాప్, అంటే షాకు రాడ్డు మీద ఉండి అది చివరిదాకా నొక్కుకోకుండా ఆపే దిమ్మ. స్ప్రింగు ఎంత గట్టిదైనా "ధబ్" అనదు. అది కాస్త కాస్తగా బిగుసుకుంటుంది. "ధబ్" అనేది ప్రయాణం అయిపోయిన చోట వచ్చే చప్పుడు.

దించిన కార్లలో జరిగేది ఇదే. 35 మి.మీ. దించారు అంటే పైకి కదలడానికి ఉన్న చోటులోంచి 35 మి.మీ. తినేశారు. ఈ కారుకు ఆ చోటు మొదటి నుంచీ తక్కువే. స్ప్రింగు కాస్త గట్టిదే అయినా పోయిన చోటుకు అది సాటి రాదు. అందుకే బాగున్న రోడ్డు మీద కూడా కారు దాదాపు బంప్ స్టాప్ మీదే కూర్చుని నడుస్తుంటుంది.

ఊహతో పని లేదు, కొలవండి. నాలుగు సన్నటి ప్లాస్టిక్ కేబుల్ టైలు చాలు. చక్రాలు తీయండి, షాకు మీది దుమ్ము బూటు పైకి జరపండి. మెరిసే రాడ్డు చుట్టూ టై బిగించండి. చేత్తో తోస్తే జరగాలి, వదిలేస్తే దానంతట అది జారకూడదు. చక్రాలు వేసి కారును నేల మీదికి దించండి, కొద్దిగా ముందుకీ వెనక్కీ కదిలించి సర్దుకోనివ్వండి. ఇప్పుడు టైని షాకు డబ్బా పైఅంచుకు ఆనించి రెండు కొలతలు రాసుకోండి: డబ్బా అంచు నుంచి బంప్ స్టాప్ కింది కొస దాకా ఎంత ఖాళీ ఉంది, చక్రం నడి బిందువు నుంచి ఫెండర్ అంచు దాకా ఎంత ఎత్తు ఉంది. చక్రం అడ్డొచ్చి చేయి దూరకపోతే స్టీరింగు పూర్తిగా తిప్పండి, వెనక వాటికి ర్యాంపు వాడండి. జాకీ మీద చక్రం వేలాడుతుండగా కొలిచింది దేనికీ పనికిరాదు.

రోజూ తిరిగే దారిలో పది కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి. టై డబ్బా అంచును వదిలి ఎంత పైకి జరిగి ఉంటే షాకు అంత నొక్కుకున్నట్టు. టై బంప్ స్టాప్‌లోకి దిగబడి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

గ్రీజుచేతులు

టకటక సంగతి నేను చెప్తాను. నెమ్మదిగా పోతూ ఒక చక్రం మాత్రమే గతుకులో పడ్డప్పుడు వస్తే మొదట స్టెబిలైజర్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) లింకు రాడ్డును అనుమానించాలి. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు రాక, ఒక్కటి ఎక్కితేనే వస్తే దాదాపు ఖాయం. రెండు చక్రాలూ నేల మీద ఉన్నప్పుడు లింకును చేత్తో పట్టుకుని గట్టిగా ఊపితే టక్ అని చేతికే తెలుస్తుంది. కారు ఒక పక్కకే ఎత్తి ఉంటే బార్ మెలిపడి లింకు బిగుసుకుంటుంది, ఆట దొరకదు. చాలామంది లింకు బాగుందని వదిలేసేది ఇక్కడే.

తర్వాత షాకు పైమౌంటు. ఒకరు బానెట్ తెరిచి మౌంటు మీద వేళ్లు ఆనించాలి, ఇంకొకరు ఆ మూల ఫెండర్‌ను నొక్కి వదలాలి. రబ్బరు చచ్చిపోతే రాడ్డు నట్టు రబ్బరుకు అతుక్కోకుండా ఎగిరి పడటం వేలికి తగులుతుంది.

ఆ తర్వాత బాల్ జాయింట్లు, అంటే ఆర్మ్ చివర చక్రం హబ్‌ను పట్టుకునే గుండ్రటి కీళ్లు. చక్రం గాల్లో ఉండగా 12 గంటల, 6 గంటల చోట్ల పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే బేరింగు, అలాగే ఉంటే బాల్ జాయింటో ఆర్మ్ బుష్షో. 3, 9 గంటల చోట్ల మాత్రమే ఆట ఉంటే టై రాడ్డు. బాల్ జాయింటులో ఆట దొరికితే సౌకర్యం మాట తర్వాత, అది మార్చేదాకా కారు తీయొద్దు.

బుష్‌లకు చిన్న ప్రై బార్ కావాలి. ఆర్మ్‌కూ బాడీకీ మధ్య పెట్టి ఒత్తండి. రబ్బరు సాగి తిరిగి రావడం మామూలే. లోపలి ఇనుప గొట్టం రబ్బరు నుంచి విడిపోయి ఒక పక్కకు ఒరిగితే, చీలిక చుట్టూ తిరిగితే పని అయిపోయింది. పైపైన సన్నటి పగుళ్లు వయసు గుర్తులు, వాటికి భయపడక్కర్లేదు.

గాలీరబ్బరూ

మొదట టైర్ల దగ్గర ఆగండి. ఇక్కడ పైసా ఖర్చు లేని పని ఒకటుంది.

ఈ కారు 185/60 ఆర్14 టైర్లకు పుట్టింది, ఫ్యాక్టరీ గాలి 26 పీఎస్ఐ. దాదాపు 1,000 కేజీల కారు కాబట్టి అంత తక్కువ. పెద్ద కార్ల అలవాటుతో దీనికీ 32, 33 కొట్టేస్తారు. ఆ గాలితో టైరు ఒక గట్టి స్ప్రింగు అయిపోతుంది. రేపు పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడు 28కి తెచ్చి అదే దారిలో నడిపి చూడండి. అయితే 40 సైడ్‌వాల్‌తో అంతకంటే కిందికి పోవద్దు, గుంతలో పడితే రిమ్ము వంగుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

సైడ్‌వాల్ లెక్క చూడండి. 185/60 ఆర్14కు 111 మి.మీ. మీ 205/40 ఆర్17కు 82. అంటే 29 మి.మీ. మెత్తదనం పోయింది. పైగా మొత్తం వ్యాసం 578 మి.మీ. ఉండాల్సింది 596 అయింది. రిమ్ము, టైరు రెండూ బరువెక్కాయి. స్ప్రింగు మోయని బరువు పెరిగే కొద్దీ గతుకు దగ్గర చక్రాన్ని అదుపు చేయడం షాకుకు కష్టం, అరిగిన షాకుకు మరీ కష్టం.

1.8 బ్రేకుల మీదికి ఒరిజినల్ 14 అంగుళాల రిమ్ములు ఎక్కుతాయి. ఆ కొలతలో మంచి టైర్లు దొరకకపోతే 195/50 ఆర్15 వేసుకోండి: వ్యాసం 576, సైడ్‌వాల్ 97.5. స్పీడోమీటరు కూడా సరిగ్గా చూపిస్తుంది. తేలికైన 15 అంగుళాల రిమ్ము ఈ కారుకు చక్కగా కుదురుతుంది.

టైరు వయసు కూడా చూడండి. సైడ్‌వాల్ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అచ్చు ఎంత మిగిలినా పాత రబ్బరు గోటితో నొక్కితే దిగబడదు. పదేళ్లు దాటిన టైరు మెత్తగా నడవదు, తడి రోడ్డు మీద పట్టు కూడా ఉండదు.

రోడ్‌స్టర్96

అందరికీ ధన్యవాదాలు. కొలతలు ఇవిగో. ముందు రెండు షాకులకూ డబ్బా నుంచి బంప్ స్టాప్ దాకా 14 మి.మీ., వెనక 22. పది కిలోమీటర్ల తర్వాత ముందు టైలు రెండూ బంప్ స్టాప్‌లోకి కూరుకుపోయాయి, వెనక ఒకటి తాకింది. టైర్ల అంకె 3114. ముందు ఎడమ లింకు రాడ్డులో ఆట ఉంది, బాల్ జాయింట్లలో లేదు. వెనక కుడి షాకు డబ్బా సగం దాకా నూనె తడి, దాని మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది.

గాలి 28కి తెచ్చాక చిన్న కరకర తగ్గింది, "ధబ్" తగ్గలేదు. బంప్ స్టాప్‌లు సగానికి కోస్తే ఖాళీ వస్తుంది కదా?

కొలతబద్ద

ముందు ఆ 14 మి.మీ. అర్థం చూద్దాం. షాకు కదలికా చక్రం కదలికా ఒకటి కాదు. డబుల్ విష్‌బోన్‌లో, అంటే చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకునే అమరికలో, షాకు ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి చక్రం 10 మి.మీ. లేస్తే షాకు 7 మి.మీ. దగ్గర నొక్కుకుంటుంది. మీ కారులో ఎంతో మీరే చూసుకోవచ్చు: స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో 20 మి.మీ. లేపి, షాకు ఎంత కుంచించుకుందో కొలవండి. 0.7 అనుకుంటే మీ 14 మి.మీ. చక్రం దగ్గర 20 మి.మీ. ఒక చిన్న స్పీడ్ బ్రేకర్‌కే చాలదు. 35 మి.మీ. దించకపోయి ఉంటే షాకు దగ్గర ఇంకో 24 మి.మీ. ఉండేది, అంటే మొత్తం 38.

బంప్ స్టాప్ కోయడం గురించి. కొంత ఖాళీ వస్తుంది, నిజమే. కానీ మిగిలిన ముక్క పొడవు సగమైతే దాని గట్టిదనం రెట్టింపు అవుతుంది. ఆలస్యంగా తగులుతుంది, తగిలినప్పుడు మరింత గట్టిగా తగులుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, స్టాప్ పూర్తిగా నలిగేలోపే షాకు లోపల పిస్టన్ అడుగు వాల్వ్‌ను గుద్దుతుంది. షాకు అక్కడితో సరి. తప్పనిసరై కోయాల్సి వస్తే సన్నటి మెత్తని కొస కాకుండా మౌంటు వైపు ఉండే లావుపాటి వైపు కోయాలి. మెల్లగా మొదలై క్రమంగా బిగుసుకునే గుణం ఆ సన్నటి కొసలోనే ఉంటుంది. మొదట షాకును ఒట్టిగా పూర్తిగా నొక్కి ఎంత పొడవు మిగులుతుందో కొలిచి, ఆ లెక్క సరిపోయాకే కత్తి పట్టుకోవాలి.

కోయడం కంటే మంచి దారి ఉంది. రెండో తరం కారు, అంటే 1998 నుంచి 2005 దాకా వచ్చిన ఎన్‌బీ మోడల్ పైమౌంట్లు మొదటి తరం బాడీకి ఎక్కుతాయి. వాటి నిర్మాణం షాకు నొక్కుకోవడానికి ఎక్కువ చోటిస్తుంది. ఎలాగూ ముప్పై ఏళ్ల నాటి మౌంటు రబ్బరు మార్చాలి కాబట్టి కొత్త మౌంట్లు ఆ రకంవే కొనండి. వాటితో పాటు క్రమంగా బిగుసుకునే రకం పాలీయురేథేన్ నురగ బంప్ స్టాప్‌లు వేయండి.

మలుపుకాపరి

ఒక మాట అడ్డం వస్తున్నాను. ఇన్ని విడిభాగాలు ఒక్కొక్కటీ సమకూర్చుకునే బదులు మంచి కాయిలోవర్ కిట్‌లో పొట్టి డబ్బా షాకు, కొత్త మౌంటు, బంప్ స్టాప్ అన్నీ ఒకదానికొకటి కుదిరి వస్తాయి. ఎత్తు కూడా పైకి పెట్టుకోవచ్చు. దాన్ని మరీ తోసిపుచ్చకండి.

డంపర్‌వాల్వ్

మంచి కిట్ అయితే మీ మాట నిజమే. చిక్కు ఏమిటంటే తక్కువ ధరలో వచ్చే వాటిలో ఎక్కువ భాగం మిల్లీమీటరుకు 6, 8 కేజీల స్ప్రింగులతో (ఒక మిల్లీమీటరు నొక్కడానికి అన్ని కేజీల బరువు కావాలి) వస్తాయి. అది రోడ్డు కోసం ఎంచుకున్న అంకె కాదు.

లెక్క చూపిస్తాను. ఒక మూల బాడీ బరువు 210 కేజీలు అనుకుందాం. చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అయితే ఆ మూల 103 మి.మీ. దిగి కూర్చుంటుంది, సెకనుకు 1.55 సార్లు ఊగుతుంది. రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారుకు ఇది హాయిగా ఉండే చోటు. ఇప్పుడు మిల్లీమీటరుకు 8 కేజీల స్ప్రింగు పెట్టండి. అది 78 న్యూటన్లు. చక్రం దగ్గరికి వచ్చేసరికి షాకు, చక్రం కదలికల నిష్పత్తిని (0.7) రెండుసార్లు గుణించాలి: 78 × 0.7 × 0.7 = 38. ఊపు సెకనుకు 2.1 సార్లకు పోతుంది. గతుకుల రోడ్డులో అరగంట కూర్చుంటే ఒళ్లు హూనం.

ముందు కంటే వెనక స్ప్రింగు కొంచెం చురుగ్గా ఊగాలి. మారిస్ ఆలీ 1930లలో జనరల్ మోటార్స్‌లో పని చేస్తూ తేల్చిన విషయం ఇది. గతుకు ముందు చక్రానికి మొదట తగులుతుంది, వెనకది ఆలస్యంగా మొదలైనా వేగంగా ఊగి ముందు దాన్ని అందుకుంటుంది. అప్పుడు కారు ముక్కు, తోక ఎత్తిపడేయకుండా మొత్తం ఒకేసారి లేచి దిగుతుంది. వెనక పది పదిహేను శాతం ఎక్కువ ఉంటే చాలు. కిట్ కొనేటప్పుడు వెనక స్ప్రింగు అంకె చూసి ఊరుకోకుండా, వెనక షాకు నిష్పత్తి వేరుగా ఉంటుందని గుర్తుపెట్టుకుని ఇలా చక్రం దగ్గర లెక్క కట్టాలి.

ఇక షాకు. స్ప్రింగు గట్టిదనం రెట్టింపైతే దాన్ని ఆపడానికి కావలసిన డంపింగ్ (షాకు పట్టు) 1.4 రెట్లు పెరగాలి. మీ కారులో జరిగింది దీనికి తలకిందులు: స్ప్రింగు గట్టిపడింది, షాకు అరిగిపోయింది. వెనక భాగం మూడుసార్లు ఊగడానికి అదే కారణం. సగం డబ్బా దాకా తడి, దాని మీద దుమ్ము అంటే అది మామూలు చెమ్మ కాదు, కారడమే. రాడ్డు సీలు దగ్గర సన్నటి పొరలా ఉండే తడిని మాత్రమే వదిలేయొచ్చు.

షాకు విప్పాక ఒక పరీక్ష చేయండి. నిలువుగా పట్టుకుని రాడ్డును నెమ్మదిగా నొక్కి లాగండి. దిశ మారే చోట ఒక సెంటీమీటరు ఏ పట్టూ లేకుండా జారితే లోపల నూనెలో గాలి చేరింది, లేదా వాల్వ్ పోయింది. బాగున్న షాకు ఆ మలుపు దగ్గర కూడా వెంటనే పట్టు ఇస్తుంది. కారు మూలను నొక్కి వదిలే పాత పరీక్ష పూర్తిగా చచ్చిన షాకునే పట్టిస్తుంది, సగం చచ్చినదాన్ని పట్టించదు.

మీ అవసరానికి రెండు దారులు. ఒకటి, ఒరిజినల్ ఎత్తు స్ప్రింగులు, వాటికి ఒరిజినల్ స్థాయి ట్విన్ ట్యూబ్ (గొట్టం లోపల గొట్టం ఉండే) గ్యాస్ షాకులు, కేవైబీ ఎక్సెల్-జీ లాంటివి. మెత్తగా ఉంటుంది. రెండు, అవే స్ప్రింగులతో కోనీ పసుపు రకం. అది వెనక్కి సాగేటప్పటి పట్టును మాత్రమే మార్చుకోనిస్తుంది, నొక్కుకునేటప్పటి పట్టు మారదు. మలుపుల్లో చురుకు కావాలంటున్నారు కాబట్టి నా ఓటు రెండోదానికి. బిల్‌స్టీన్ లాంటి మోనోట్యూబ్‌లు (ఒకే గొట్టం రకం) కూడా అద్భుతంగా పని చేస్తాయి. కానీ లోపలి గ్యాస్ ఒత్తిడి రాడ్డును ఎప్పుడూ బయటికి తోస్తుంటుంది. 25 బార్, 14 మి.మీ. రాడ్డు అయితే అది దాదాపు 39 కేజీల తోపు. కారు ఎత్తు కొద్దిగా పెరుగుతుంది, చిన్న చిన్న గతుకుల మీద ట్విన్ ట్యూబ్ అంత మెత్తదనం ఉండదు.

మలుపుకాపరి

లెక్కతో చూపించారు, ఒప్పుకుంటున్నాను. 6, 8 కేజీల స్ప్రింగులు ఈ వాడకానికి వద్దు. అయితే ఒక్కటి: కాస్త దించి ఉండాలనుకునే వాళ్లు 20 మి.మీ. దగ్గర ఆపి, స్ప్రింగు కొద్దిగా గట్టిది, డబ్బా పొట్టి షాకు, ఎన్‌బీ మౌంటు కలిపి వేసుకుంటే ఇబ్బంది ఉండదు. దించడమే నేరం కాదు, చోటు చూసుకోకుండా దించడం తప్పు.

గ్రీజుచేతులు

విప్పే పని మొదలుపెట్టే ముందు వారం రోజులు రోజూ సాయంత్రం బోల్టుల మీద చొచ్చుకుపోయే నూనె కొట్టండి. ముఖ్యంగా వెనక చక్రం కింది పొడవాటి బోల్టు, అలైన్‌మెంటు సరిచేసే క్యామ్ బోల్టులు. ఈ కారులో అవి బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతాయి. బోల్టు తిరుగుతున్నట్టే ఉంటుంది, నిజానికి గొట్టంతో కలిసి రబ్బరు మెలిపడుతుంటుంది. అలా ఉంటే ఎంత లాగినా లాభం లేదు, రెండు వైపులా రంపంతో కోసి తీయాలి. అందుకని కొత్త క్యామ్ బోల్టులు ముందే తెప్పించి పెట్టుకోండి. తీసేముందు క్యామ్ ప్లేటు గీత ఎక్కడుందో పెయింటుతో గుర్తు పెట్టండి.

ముందు షాకు బయటికి రావాలంటే బానెట్ కింద మౌంటు నట్లు రెండు, కింద షాకు బోల్టు, లింకు రాడ్డు, ఆపైన పై ఆర్మ్ లోపలి పొడవాటి బోల్టు. అది లాగేస్తే ఆర్మ్ పక్కకు వాలి చోటు దొరుకుతుంది, బాల్ జాయింటు జోలికి పోనక్కర్లేదు. విడిపడ్డ హబ్‌ను బ్రేకు హోస్ మీద వేలాడనివ్వొద్దు, తీగతో కట్టండి. వెనక మౌంటు నట్లు డిక్కీ లోపలి లైనింగ్ వెనక ఉంటాయి.

స్ప్రింగు కంప్రెసర్ కొక్కేలు ఎదురెదురుగా పెట్టి, ఒకవైపు రెండు చుట్లు, మరోవైపు రెండు చుట్లు, చేతి పానాతోనే తిప్పండి. మౌంటులో స్ప్రింగు వదులుగా తిరిగేదాకా రాడ్డు నట్టు ముట్టుకోవద్దు. నట్టు బిగించేటప్పుడు ఇంపాక్ట్ గన్ వాడితే రాడ్డు గిరగిరా తిరిగి లోపలి పిస్టన్ నట్టు సడలుతుంది. రాడ్డును పటకారుతో పట్టుకోవడం అంతకంటే చేటు. ఒక్క గీత పడితే సీలు కొన్నాళ్లలోనే కోసుకుపోతుంది. రాడ్డు కొసన ఉన్న చదునైన చోటును పానాతో పట్టి తిప్పాలి.

కొత్త ట్విన్ ట్యూబ్ షాకు పెట్టెలో పడుకుని వచ్చి ఉంటుంది. బిగించే ముందు నిలువుగా నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగండి, పని గదిలో చేరిన గ్యాస్ పైకి పోతుంది. స్ప్రింగు కొస సీటు గాడిలో మెట్టుకు ఆనిందో లేదో, పై రబ్బరు సీటు ఉందో లేదో చూసుకోండి. పాత కార్లలో ఆ రబ్బరు మాయమై ఇనుము మీద ఇనుము ఆనడం తరచూ కనిపిస్తుంది.

రోడ్‌స్టర్96

బుష్‌లు పాలీయురేథేన్‌వి వేస్తే ఎక్కువ కాలం వస్తాయంటారు. సౌకర్యానికి ఏది మేలు?

గ్రీజుచేతులు

సౌకర్యమే ముఖ్యమైతే రబ్బరే. రబ్బరు బుష్ తిరగదు, మెలిపడుతుంది. లోపలి గొట్టం బోల్టుకు బిగిసి కదలకుండా ఉంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో తిరుగుతుంది, మధ్య రబ్బరు ఆ తేడాను మోస్తుంది. రాపిడి లేదు. అందుకే చిన్న గతుకు కూడా ఆర్మ్‌ను కదిలించగలదు. పాలీ బుష్ గ్రీజు మీద జారాలి. గ్రీజు ఎండితే పట్టేస్తుంది, కిర్రుమంటుంది. పట్టేసిన ఆర్మ్ చిన్న గతుకుకు కదలదు, ఆ పని మొత్తం టైరు మీద పడుతుంది. ఇప్పటికే పాలీ వేసి ఉన్నవాళ్లు స్ప్రింగు, షాకు విప్పినప్పుడు ఆర్మ్‌ను చేత్తో లేపి వదలండి. సొంత బరువుతో మెల్లగా దిగాలి. వదిలిన చోటే నిలబడితే విప్పి సిలికోన్ గ్రీజు పెట్టాల్సిందే.

రబ్బరు వేసేవాళ్లు చేసే పెద్ద తప్పు ఒకటుంది, ఇది జాగ్రత్తగా చదవండి. ఆర్మ్ బోల్టులను చక్రం వేలాడుతుండగా చివరి బిగింపు ఇవ్వకూడదు. అలా బిగిస్తే రబ్బరు వేలాడే స్థితిని తన మామూలు చోటు అనుకుంటుంది. కారు నేల మీదికి దిగగానే ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, స్ప్రింగుకు తోడుగా తానూ ఎదురు తోస్తుంది. కారు గట్టిగానూ కాస్త ఎత్తుగానూ కనిపిస్తుంది. కొన్ని నెలల్లో రబ్బరు చిరుగుతుంది. "కొత్త బుష్‌లు వేసినా కుదుపు తగ్గలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే.

అందుకు ముందుగా చక్రం నడి బిందువు నుంచి ఫెండర్ దాకా ఉండాల్సిన ఎత్తు రాసి పెట్టుకోవాలి. మీరు స్ప్రింగులు మారుస్తున్నారు కాబట్టి పాత కొలత పనికిరాదు. బోల్టులు వదులుగానే ఉంచి కారును నేల మీదికి దించండి, కొద్దిగా ముందుకీ వెనక్కీ నెట్టండి, కొత్త ఎత్తు కొలవండి. ర్యాంపుల మీద నాలుగు చక్రాలూ ఆనించి కింద దూరి బిగిస్తే అన్నిటికంటే నయం. లేకపోతే కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి ఆ ఎత్తుకు లేపి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించండి. బిగించకుండా నడపొద్దు. ఆర్మ్ బుష్ రబ్బరులో కావాలని ఖాళీ వదిలిన గాడి ఉంటే అది ఏ దిక్కుకు ఉందో పాతది నొక్కి తీసేముందే ఆర్మ్ మీద గీసుకోండి. తలకిందులుగా ఎక్కితే మెత్తగా ఉండాల్సిన దిక్కులో గట్టిగా ఉంటుంది.

గాలీరబ్బరూ

అందరూ మర్చిపోయేది సీటు. ముప్పై ఏళ్ల సీటు నురగ పొడిపొడిగా రాలిపోతుంది. సీటు కవరు కింద చేయి పెట్టి నొక్కితే అడుగు పట్టీలు నేరుగా తగులుతాయి. ఆ నురగ మార్చిన రోజున సస్పెన్షన్ మార్చినంత తేడా తెలుస్తుంది. ఈ కారులో సబ్‌ఫ్రేములు (ఆర్మ్‌లు బిగించే ఇనుప చట్రాలు) రబ్బరు లేకుండా నేరుగా బాడీకి బిగిసి ఉంటాయి కాబట్టి మనిషికీ రోడ్డుకీ మధ్య ఉన్న చివరి మెత్తటి పొర సీటే.

లావు స్టెబిలైజర్ బార్ ఎవరైనా వేసి ఉంటే అది కూడా చూడండి. ఒక చక్రం గుంతలో పడితే బార్ రెండో చక్రాన్ని కూడా లాగుతుంది, తల పక్కలకు ఊగుతుంది. ఒరిజినల్ బార్, కొత్త లింకులు, బార్‌ను బాడీకి పట్టే కొత్త డి బుష్‌లు ఉంటే చాలు.

డంపర్‌వాల్వ్

సెట్టింగు మాట కూడా చెప్పేస్తాను. కోనీ వేస్తే నాలుగూ పూర్తిగా మెత్త వైపు పెట్టి మొదలుపెట్టండి. అలల రోడ్డు మీద 80లో నడిపి, బాడీ ఒక ఊపులో ఆగకపోతే ఒక్కో జత పావు చుట్టు బిగించండి. మళ్లీ అదే దారి. ఒకసారికి ఒకే జత మార్చండి, రాసుకోండి. అవసరం కంటే ఎక్కువ బిగిస్తే రాడ్డు తిరిగి సాగేలోపే తర్వాతి గతుకు వస్తుంది. వరస గతుకుల్లో కారు మెట్టు మెట్టుగా కిందికి దిగి చివరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. మెత్తని స్ప్రింగు ఉన్నా "ధబ్" వచ్చిందంటే కారణం ఇదీ కావచ్చు. ఒక్క గతుకు మీద బాగుండి, వరసగా నాలుగైదు వచ్చినప్పుడు మాత్రమే కొడుతుంటే బిగింపు తగ్గించి చూడండి.

రోడ్‌స్టర్96

అయితే వరస ఇలా పెట్టుకుంటున్నాను: మొదట లింకు రాడ్లు రెండూ, 15 అంగుళాల రిమ్ములూ టైర్లూ. తర్వాత ఒరిజినల్ ఎత్తు స్ప్రింగులు, కోనీలు, ఎన్‌బీ మౌంట్లు, కొత్త బంప్ స్టాప్‌లు ఒకేసారి. బుష్‌లు అప్పుడే వేయాలా, తర్వాతా?

కొలతబద్ద

అప్పుడే వేయండి. షాకు కోసం ఎలాగూ పొడవాటి బోల్టులు తీస్తారు, అలైన్‌మెంటు రెండుసార్లు చేయించే పని తప్పుతుంది. బడ్జెట్ చాలకపోతే ముందు చక్రాల ఆర్మ్‌లవి వేసి వెనకవి తర్వాత వేయొచ్చు. షాకులు మాత్రం నాలుగూ ఒకేసారి మార్చాలి.

స్ప్రింగుల గురించి ఒక చిన్న మాట. దొరికేవి పాత ఒరిజినల్ స్ప్రింగులైతే భయపడక్కర్లేదు. వయసుతో స్ప్రింగు కుంగుతుంది గానీ దాని గట్టిదనం మారదు, అది తీగ మందం మీదా చుట్ల మీదా ఆధారపడింది. కొస చుట్టు విరిగిందేమో, పెయింటు లేచిన చోట తుప్పు గుంతలు పడ్డాయేమో చూసి, నాలుగిటినీ చదునైన నేల మీద నిలబెట్టి ఎత్తు కొలవండి. ఎడమ, కుడి జంట మధ్య తేడా ఉంటే ఆ జంట వద్దు.

అన్నీ బిగించాక 100 కి.మీ. నడిపి ఎత్తు సర్దుకోనిచ్చి అలైన్‌మెంటుకు వెళ్లండి. డ్రైవరు సీటులో మీ బరువంత బరువు పెట్టించండి, సగం ట్యాంకు పెట్రోలు ఉంచండి. రోడ్డు వాడకానికి ముందు క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం పక్కకు ఒరిగిన కోణం) మైనస్ 1 డిగ్రీ దగ్గర, వెనక మైనస్ 1.5 దగ్గర, ముందు టో (పై నుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన తేడా) సున్నా, వెనక కొద్దిగా లోపలికి. ముందు టో బయటికి ఉంటే కారు ప్రతి గాడి వెంటా పరుగెడుతుంది, స్టీరింగు పట్టుకున్న చేతులకు అలసట. చాలామంది దాన్ని కూడా సస్పెన్షన్ గట్టిదనమే అనుకుంటారు.

కేబుల్ టైలను పారేయకండి. కొత్త షాకుల మీద కూడా వేసి అదే పది కిలోమీటర్ల దారిలో నడిపి ఆ కొలతలు ఇక్కడ పెట్టండి. ముందు ఖాళీ షాకు దగ్గర 40 మి.మీ. దాటి, టై స్టాప్‌ను ఎప్పుడో ఒకసారి మెల్లగా తాకితే బాగా కుదిరినట్టు. అసలు తాకకపోతే షాకు బిగింపు ఇంకా తగ్గించే వీలుంది.